వాసన చెప్పడానికి మదరాసు వెళ్లాను

మా ఆయన వంట చేసేటప్పుడు రుచి చూసేవారు కాదు. పెళ్లిళ్లలో, సంతర్పణల్లో వంట చేసేవాళ్లెవరూ చూడరు. నైవేద్యం కాకుండా ఏదీ నోట పెట్టకూడదు. గుండిగ మీద మూత తీసి, పైకి లేచిన ఆవిరిని చేత్తో తన వైపు విసురుకుని, ఒక్కసారి పీల్చి, ఉప్పు చాలలేదనో పులుపు ఎక్కువైందనో చెప్పేవారు. ఉప్పుకి వాసనేమిటని కాపరానికి వచ్చిన కొత్తలో అడిగాను. పులుసులో ఉప్పు తక్కువైతే చింతపండు వాసన ముందుకొస్తుందని చెప్పారు. అప్పటికి నాకు పదిహేనేళ్లు. యుద్ధం రోజులు. బియ్యం దొరకడమే కష్టంగా ఉన్న ఆ రోజుల్లో కూడా ఎవరింట్లో పెళ్లయినా ఆయన కోసం కబురొచ్చేది. అటు రాజోలు నుంచి ఇటు కొత్తపేట దాకా ఆయన చేతి పులుసు తిన్నవాళ్లుండేవారు.

పెళ్లయిన పదో ఏట ఆయనకి విషజ్వరం వచ్చింది. ఇరవై ఎనిమిది రోజులు మంచం మీద ఉన్నారు. లేచాక మామూలుగానే తిరిగారు, తిన్నారు, ఒళ్లు పట్టింది. ఒకనాటి పొద్దున నేను పశువుల పాకలో ఉండగా పప్పు మాడుతున్న వాసన వచ్చింది. పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాను. ఆయన పొయ్యికి బారెడు దూరంలో పీట మీద కూర్చుని వంకాయలు తరుగుతున్నారు.

"పప్పు మాడుతోందండీ" అన్నాను.

ఆయన తలెత్తి గిన్నె వైపు చూశారు. పొగ ఇంకా రాలేదు. "మాడుతోందా?" అన్నారు.

నేను గిన్నె దించాను. ఆయన వంగి, మూత తీసి, పీల్చారు. మళ్లీ పీల్చారు. ఇంగువ డబ్బా తీసి మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ తరవాత కరివేపాకు నలిపారు. నెయ్యి గిన్నె ఎత్తారు. ఆవపిండి చూశారు, దానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి గాని వాసన తెలియలేదు. అన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి, "ఎవరికీ చెప్పకు" అన్నారు. నేను చెప్పలేదు. మా అత్తగారికి కూడా చెప్పలేదు.

నాలుకకి ఉప్పూ పులుపూ తీపీ తెలుస్తూనే ఉన్నాయి. వాసనలే పోయాయి. కాని వంటవాళ్లు నాలుకతో వంట చెయ్యరని ముందే చెప్పాను. ఏడాదిన్నర పాటు ఆయన చెవులతోనూ కళ్లతోనూ నెట్టుకొచ్చారు. పోపు చప్పుడు విని దింపేవారు. రంగు చూసి పులుసు ఆపేవారు. ఎవరూ పట్టుకోలేకపోయారు. తరవాత రాజోలు దగ్గర ఒక పెళ్లిలో కొబ్బరి పచ్చడిలో మక్కి వాసనేసిన కొబ్బరి పడింది. మూడు వందల విస్తళ్లలో పచ్చడి ముట్టినవాడు లేడు. పెళ్లివారు మర్యాదస్థులు కాబట్టి ఏమీ అనలేదు. ఆ మాఘమాసంలో మాత్రం మాకు రావలసిన కబుర్లలో సగం కూడా రాలేదు.

ఆ సమయంలో చీరల షావుకారు మా ఇంటికి వచ్చారు. ఆయన బండారులంకలో నేసిన చీరలు కొని మదరాసులో అమ్మేవారు. రెండు నెలలకోసారి ఆ ఊరు వెళ్లేవారు. మదరాసు మనకి కాకుండా పోయిన మరుసటి ఏడాది అది. ఊరు మనది కాకపోయినా అక్కడి తిండి మనకి తెచ్చుకోవచ్చునని షావుకారుగారి ఆలోచన. అమలాపురంలో బస్సులు ఆగే చోట ఆయనకి ఒక కొట్టు గది ఉంది. దాన్ని మదరాసు పద్ధతిలో హోటలు చెయ్యాలని ఆయన కోరిక.

"మన ఊళ్లో ఉన్నవి ఏం హోటళ్లండీ? ఇడ్లీ, ఉప్మా, కాఫీ అంటూ బెల్లం నీళ్లూ. అక్కడ కొత్తగా వచ్చినవి చూడాలి మీరు. రాతి బల్లలు, అద్దాలు, ఫ్యాన్లు. ఆ సాంబారు ఒక్కటి మీరు పట్టుకొస్తే చాలండి పంతులుగారూ" అన్నారు ఆయన మా అరుగు మీద కూర్చుని.

జేబులోంచి ఒక చీటీ తీశారు. మదరాసులో ఆయన దగ్గర చీరలు కొనే కొట్టువాళ్లని అడిగి రాయించుకున్నారట. కొత్తగా తెరిచిన హోటళ్లలో తిని తీరవలసినవి అయిదు. ఏ వీధిలో ఉందో, అక్కడ ఏది బాగుంటుందో కూడా రాసి ఉంది. మా ఆయన అన్నిట్లోనూ తిని, చూసి, నేర్చుకుని రావాలి. సత్రంలో బస షావుకారుగారే ఏర్పాటు చేస్తారు.

మా ఆయన కాసేపు చీటీ చూశారు. "మా ఇంటావిడ కూడా వస్తుందండి" అన్నారు.

"అమ్మగారెందుకండీ?"

"జ్వరం తగ్గితే కొండకి వస్తామని మొక్కుకున్నామండి. ఎలాగూ అటే కదా."

అలాంటి మొక్కేదీ లేదు. నేను లోపల తలుపు వెనక నిలబడి వింటున్నాను. షావుకారుగారు సరేనన్నారు. అత్తగారికీ అదే చెప్పాం. అబద్ధం కాకుండా ఉండడానికి తిరుగు ప్రయాణంలో గూడూరులో దిగి తిరుపతి వెళ్లొచ్చాం కూడా.

బొబ్బర్లంక దాకా కాలువ మీద పడవ, అక్కడ గోదావరి దాటి ధవళేశ్వరం, రాజమండ్రిలో రైలు. నేను అంతకు ముందు రైలెక్కలేదు. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి పెద్దగా ఏమీ లేదు. కిటికీ దగ్గర కూర్చున్నాను, కళ్లల్లో బొగ్గు నలుసులు పడ్డాయి.

మొదటి హోటలు సత్రానికి దగ్గరే, జార్జిటౌనులో. గుమ్మంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన నన్ను చూసి వేలు పైకి చూపించాడు. ఆడవాళ్లకి మేడ మీద వేరే గది ఉంది. ఆకుపచ్చ తెరలు కట్టి నాలుగు అరలు చేశారు. మేం ఒక అరలో కూర్చున్నాం. బయట ఊళ్లో, ఎవరు చేశారో తెలియని వంట, ఎవరు తిన్నారో తెలియని బల్ల మీద తినడం నాకదే మొదటిసారి. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక కూడా చెయ్యి ముందుకు వెళ్లలేదు.

"తిను" అన్నారు ఆయన. "నువ్వు తినకపోతే ఇంత దూరం వచ్చి దండగ."

ఇడ్లీ మీద సాంబారు పోసి తెచ్చారు. తిన్నాను.

"ముందు ఏ వాసన వచ్చింది?"

"బావుందండి."

"బావుండడం ఒక వాసనా? ఏం వాసనొచ్చిందో చెప్పు."

"పప్పుపులుసు వాసనే. కాని మనది కాదు."

"ఏది కాదు?"

నాకు మాటలు దొరకలేదు. నేను రోజూ వండేదాన్నే, అయినా వాసనల గురించి ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. వాటికి పేర్లుంటాయని కూడా తెలియదు. ఆయనకి కోపం వచ్చింది. తెర అవతల ఎవరో ఉన్నారని గొంతు తగ్గించి, "నీకు తెలుస్తోంది, నాకు తెలియటం లేదు. తెలిసినదానివి చెప్పకపోతే ఎలా?" అన్నారు. కాఫీ తాగకుండానే బయటికి వచ్చేశాం.

ఆ మధ్యాహ్నం సత్రం వరండాలో కూర్చుని ఆలోచించాను. వాసనలు ఆయనకి ఇప్పుడు తెలియవు గాని ఒకప్పుడు తెలుసు. నాకంటే బాగా తెలుసు. కాబట్టి ఆయన ఎరిగినవాటితో పోల్చి చెప్పాలి. సాయంత్రం అదే హోటలుకి మళ్లీ వెళ్దామన్నాను. మళ్లీ అదే ఇడ్లీ, అదే సాంబారు తెప్పించాను. ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాను.

"కొత్త ధనియాలు వేయించి, వేడి తగ్గకుండానే దంచితే వస్తుందే, అది ముందు వచ్చిందండి. దాని వెనకాల కొబ్బరి. పచ్చిది కాదు. వేయించింది. మీ అమ్మగారు అట్లతద్దికి కొబ్బరి వేయించినప్పుడు ఇల్లంతా వస్తుంది చూడండి, అలాగ. ఇంగువ వేశారు, కాని పోపులో కాదు, ముందే నీళ్లలో కలిపేశారు. చివర కొంచెం ముద్దబెల్లం."

ఆయన తినడం ఆపి వింటున్నారు. "మెంతులో?"

"ఉన్నాయి. తక్కువ. మాడలేదు."

"మిరియం?"

మళ్లీ ఒక ముద్ద తిన్నాను. "లేదు."

ఆయన ఆకు మీద సాంబారు వేలితో రాసి పప్పు ఎంత మెత్తగా ఉడికిందో చూశారు. "కందిపప్పు ఒక్కటే కాదు. ఇందులో శనగపప్పు కూడా పొడి చేసి కలిపారు. చిక్కదనం దానివల్లే" అన్నారు. ఆ రోజు మొదటిసారి కాఫీ ఇద్దరం పూర్తిగా తాగాం. కాఫీలో చికోరీ వేస్తారని అప్పుడే తెలిసింది. ఎండుకొబ్బరి పీచు కాలిన వాసన అని చెప్పాను. అలా ఎందుకనిపించిందో తెలియదు. ఆయనకి మాత్రం అర్థమైంది.

పెళ్లయి పన్నెండేళ్లలో మేమిద్దరం అన్ని మాటలు మాట్లాడుకోలేదు. మా ఇళ్లలో మొగుడూ పెళ్లాం కూర్చుని మాట్లాడుకునే అలవాటు లేదు. మదరాసులో రోజుకి నాలుగుసార్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. మాట్లాడిందంతా ధనియాల గురించీ నెయ్యి గురించీ. దాన్ని ఇంకేదో అనడం నాకిష్టం లేదు.

రెండో హోటలు మౌంటు రోడ్డులో. అక్కడ ఆడవాళ్లకి తెరలు లేవు. అందరితోపాటు కూర్చోమన్నారు. పక్క బల్ల దగ్గర నా వయసావిడ ఒక్కర్తీ కూర్చుని, పేపరు చదువుకుంటూ మసాలా అట్టు తింటోంది. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. నేను చూశాను. ఆ అట్టు మేమూ తెప్పించాం. లోపల బంగాళాదుంప కూర పెట్టి మడిచారు. ఐస్‌క్రీము కూడా తిన్నాం. వాసన చెప్పమంటే ఏలకి వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు, చలికి నాలుక బిగిసిపోయింది. ఆయన మొదటిసారి నవ్వారు. ఐస్‌క్రీము తినేవాళ్లందరూ తనలాంటివాళ్లే అన్నమాట అన్నారు.

మూడోది మైలాపూరులో. చీటీలో దాన్నే అన్నిటికంటే ఎక్కువ పొగిడారు. రంగులు కొత్తవి, బల్లలు కొత్తవి, పొద్దుటి చట్నీ సాయంత్రం పెట్టారు. ముట్టగానే చెప్పాను. నాలుగోది మనవాళ్లదే, నెల్లూరువాళ్లది. భోజనం బాగానే ఉంది. కాని అది నేర్చుకోవడానికి అంత దూరం రానక్కర్లేదు.

సత్రంలో అడిగి ఒక ఎక్సర్‌సైజు పుస్తకం కొన్నాను. నేను అయిదో తరగతి దాకా చదివాను. ఒక్కొక్క హోటలుకీ ఒక పేజీ. ఏ పదార్థం, ఏ వాసన ముందు, ఏది తరవాత, ఏది మళ్లీ తినాలనిపించింది, ఏది తిన్నాక దాహం వేసింది. ఆయన చెబుతున్నవి, అంటే పప్పు ఎంత, పిండి ఎంత పులిసింది, ఇలాంటివి ఎడమ పక్క రాసేదాన్ని.

అయిదోది మాంబళంలో. చిన్నది. బల్లలు చెక్కవి. వంటిల్లు కనిపిస్తూ ఉంటుంది. అక్కడ సాంబారు ఒక ముద్ద తిన్నాను. రెండో ముద్ద కూడా తిన్నాను. ఆయన ఎదురు చూస్తున్నారు.

"ఇది కావాలండి" అన్నాను.

ఆయన వెంటనే లేచి వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నేనూ వెనకే వెళ్లాను. లోపల ఒక ముసలాయన, జుట్టు ముడి వేసుకుని, అట్ల పెనం దగ్గర ఉన్నారు. ఉడిపి వైపు మనిషి. మమ్మల్ని చూసి తెలుగులో, "మీరూ ఈ పని చేసేవారే కదండీ?" అని అడిగారు. బెజవాడలో కొన్నేళ్లు హోటల్లో చేశారట. మా ఆయన ఆకు మీద పప్పును వేళ్లతో నలిపి చూడడం ఆయన అప్పటికే గమనించారు. మా ఆయన ఉన్న సంగతి చెప్పారు, ఒక్కటి తప్ప. ఆ ముసలాయన దాచుకునే మనిషి కాదు. లోపలికి రమ్మన్నారు. డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక దానిలోంచి పొడి తీసి మా ఆయన అరచేతిలో పోశారు.

మా ఆయన చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, గట్టిగా పీల్చి, తలూపారు. "భేష్. మెంతులు సరిగ్గా పడ్డాయండి" అన్నారు.

నాకు ఆ పొడి వాసన నిలబడిన చోటికే వస్తోంది. అది ఉత్త ధనియాల పొడి. అందులో మెంతులు లేవు. ముసలాయన మా ఆయన మొహం వైపు చూశారు, తరవాత నా వైపు చూశారు. పక్క డబ్బా తీసి ఈసారి పొడి నా చేతిలో పోశారు.

"మీరు చూసి చెప్పండమ్మా" అన్నారు.

నేను ఒక్కొక్కటే చెప్పాను. ఆయన అవునంటూ వచ్చారు. నేను వదిలేసినవి రెండు ఆయనే చెప్పారు. ఏది ఏ వరసలో వేయించాలో, కొబ్బరి ఎప్పుడు వెయ్యాలో, పొడి ఎన్ని రోజులుంటే వాసన పోతుందో అన్నీ నాకేసి చూసే చెప్పారు. మా ఆయన పక్కన నిలబడి ఉన్నారు. అరచేతిలో ధనియాల పొడి అలాగే పట్టుకుని ఉన్నారు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు, "ఆయనకి తెలిసిపోయిందా?" అని అడిగారు.

"ఆయ్, తెలిసిపోయిందండి."

సత్రానికి వెళ్లాక ఆ సాయంత్రం భోజనానికి రానన్నారు. మర్నాడు పొద్దున్నే లేచి, మాంబళం మళ్లీ వెళ్లాలి, అట్ల పిండి సంగతి అడగలేదు అన్నారు. వెళ్లాం. ఆ తరవాత రెండు రోజులు అక్కడే తిన్నాం.

అమలాపురంలో హోటలు తెరిచిన రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నేను దాన్ని వెనక నుంచి చూశాను. హోటలు వెనకనే ఒక గదీ వంటిల్లూ మాకిచ్చారు. అత్తగారు ఊళ్లో బావగారి దగ్గర ఉండిపోయారు. తెల్లవారుతుండగా ఆయన వంట మొదలుపెట్టేవారు. నేను తడిబట్ట ఆరేసే వంకతోనో, ఆయనకి పొడిబట్ట ఇచ్చే వంకతోనో హోటలు వంటింటి గుమ్మం దాకా వెళ్లేదాన్ని. ఆయన గుండిగ మూత తీసి పక్కకి జరిగేవారు. నేను పీల్చి, "ఇంగువ చాలలేదు" అనో "దింపెయ్యండి" అనో అనేదాన్ని. అంతే. రుబ్బే మనిషికీ, వడ్డించేవాళ్లకీ అది మొగుడూ పెళ్లాల మాటగా కనిపించేది.

మొదటిరోజు కోర్టు ప్లీడర్లు, బడిపంతుళ్లు, బస్సులవాళ్లు, ఓడలరేవు నుంచి పని మీద వచ్చినవాళ్లు అందరూ వచ్చారు. నేను కిటికీ సందులోంచి వింటున్నాను.

"పప్పుపులుసులో ఏదో కలిపేరండీ" అన్నారొకరు.

"కలపలేదండి, అదే సాంబారండి" అన్నారు షావుకారుగారు గల్లాపెట్టె దగ్గర నుంచి.

"అట్టు లోపల కూరేవిటండీ? మేం విప్పి తినాలా, మడిచే తినాలా?"

"మీ ఇష్టమండి. అక్కడ రెండు విధాలా తింటున్నారు."

వారం తిరిగేసరికి సాంబారు రెండోసారి అడగడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ముక్తేశ్వరం వైపు నుంచి వచ్చే బస్సు మా హోటలు ముందే ఆగేది. అంతకు ముందు నాలుగు బారలు అవతల ఆగేది. షావుకారుగారు మా ఆయన్ని అందరికీ మదరాసులో నేర్చుకొచ్చినాయనగా చెప్పేవారు. ఆయన ఊరుకునేవారు. నేనూ ఊరుకున్నాను. నాకు అందులో బాధేమీ లేదని అప్పట్లో అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, కొంచెం ఉండేది.

తరవాతి వేసవిలో మా అమ్మ నూతి దగ్గర జారిపడి కాలు విరిగింది. కొత్తపేట దగ్గర మా పుట్టింటికి వెళ్లాను. వెళ్లేముందు పది రోజులకి సరిపడా పొడి నేనే కొట్టి పెట్టాను. ఆయన చప్పుడూ రంగూ చూసుకుని నడిపించుకోగలరని అనుకున్నాను. ఆయనా అలాగే అన్నారు.

ఏడో రోజున నూనె డబ్బాలు వచ్చాయట. వాటిలో ఒకటి అంతకు ముందు కిరసనాయిలు పోసిన డబ్బా. ఎవరో సరిగా కడగకుండా మంచినూనె పోసేశారు. మా ఆయన దాంతోనే పోపు పెట్టారు, అట్లు పోశారు. రుబ్బే మనిషికి వాసన వచ్చింది. వడ్డించేవాళ్లకీ వచ్చింది. ఆయన కోపిష్టి, పైగా ఇంత పేరున్న వంటాయన, ఆయనకి తెలియకుండా ఉంటుందా, ఏదో ఉండే ఉంటుంది అనుకుని ఎవరూ నోరెత్తలేదు. తినడానికి కూర్చున్నవాళ్లు ఎత్తారు. ప్లీడరుగారొకరు ఆకు మడిచి లేచిపోయి, "షావుకారుగారూ, లాంతరు వెలిగిస్తున్నారా వంట చేస్తున్నారా?" అన్నారట.

షావుకారుగారు వంటింట్లోకి వెళ్లారు. అట్టు ముక్క తీసి మా ఆయన మొహం దగ్గర పెట్టారు. "ఇదేవిటండీ పంతులుగారూ?"

మా ఆయన దాన్ని అందుకుని, పీల్చి, కింద పెట్టేశారు. "నాకు వాసన తెలీదండి. జ్వరం వచ్చినప్పటినించీ తెలీదండి" అన్నారు. వంటింట్లో అందరూ ఉండగానే అన్నారు. చెయ్యి కడుక్కుని మా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

ఇదంతా షావుకారుగారే నాకు చెప్పారు. మర్నాడు బస్సులో మా పుట్టింటికి వచ్చి, మా నాన్నగారి అరుగు మీద కూర్చుని, నన్ను పిలిపించి చెప్పారు. ఆయనకి కోపం ఉంది గాని, దాని కంటే ఎక్కువగా అయోమయం ఉంది.

"ఒక్కమాట అడుగుతానమ్మా. పంతులుగారికి తెలీకపోతే ఇన్నాళ్లూ ఆ సాంబారు ఎవరిది?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అబద్ధం చెప్పే పని ఇక లేదు. "వండింది ఆయనేనండి. వాసన నేను చెప్పేదాన్ని" అన్నాను.

"మదరాసులో?"

"అక్కడా అంతేనండి."

"అందుకా మొక్కన్నారు" అన్నారు. తరవాత, "ఎప్పుడొస్తారమ్మా? నాకు ఇంకో వంటాయన్ని వెతకడం పెద్ద పని కాదు. కాని నాకు కావలసింది ఆ సాంబారు. మీరు గుమ్మం దగ్గర కాకుండా లోపలే ఉండాలి. పంతులుగారు ఒప్పుకుంటే ఆయనా ఉంటారు. లేకపోతే మీరు చెప్పండి" అన్నారు.

మా నాన్నగారు నా వైపు చూశారు. నేను మూడు రోజుల్లో వస్తానన్నాను. మా పిన్ని వచ్చి అమ్మ దగ్గర ఉంది, అప్పుడు బయలుదేరాను.

నేను వెళ్లేసరికి మా ఆయన సామాను సర్దేసి ఉంచారు. రెండు ట్రంకు పెట్టెలు, ఒక పరుపు చుట్ట. నేను కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాను.

"మానేశాను. ఊరికి వెళ్లిపోదాం" అన్నారు.

"ఊళ్లో ఏం చేస్తామండీ?"

"ఏదో ఒకటి."

"షావుకారుగారు నన్ను ఉండమన్నారు."

"విన్నాను."

నేను పరుపు చుట్ట మీద కూర్చున్నాను. ఆయన ముందు అలా కూర్చోవడం అలవాటు లేదు. "నాకు ఇక్కడ బావుందండి" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. నాకు ఏది బాగుంటుందో నేను ఆయనతో చెప్పడం అదే మొదలు. మదరాసులో చెప్పినవి ఇడ్లీలూ అట్లూ, అవి వేరు. నాకు మదరాసు బాగుంది, ఆ పక్క బల్ల దగ్గర పేపరు చదువుకున్నావిడ బాగుంది, పొద్దున్నే గుండిగ మీంచి లేచే ఆవిరి బాగుంది, ఊళ్లోకి తిరిగి వెళ్లి పశువుల పాకలో ఉండాలని లేదు. ఇవన్నీ చెప్పలేదు. ఆ ఒక్కమాటే అన్నాను.

ఆయన ఒక పెట్టె మీద కూర్చుని, "పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు?" అన్నారు.

"మీరే నిలబడాలి. ఆ గుండిగ నేను ఎత్తలేను. నేను స్టూలు వేసుకుని కూర్చుంటాను."

"అందరూ చూస్తారు."

"అందరికీ తెలిసిపోయిందిగా."

ఆయన లేచి పెట్టె తాళం తీశారు. వంట పంచ ఒకటి తీసి దులిపి దండెం మీద వేశారు. అదే జవాబు.

అత్తగారు కబురు తెలిసి వచ్చారు. కోడలు హోటలు వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉండడం, కొడుకు పెళ్లాం చెప్పినట్టు పోపు వెయ్యడం ఆవిడ కళ్లారా చూశారు. రెండు రోజులున్నారు. మా చేతి నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. వెళ్లేటప్పుడు కొడుకుని మాత్రం పక్కకి పిలిచి, "జ్వరం అప్పుడే నాకు చెప్పి ఉండవలసింది" అన్నారు. ఆ మాట నాకు ఆయనే చెప్పారు. ఆవిడ కోపం నా మీద కాదని అప్పుడు తెలిసింది.

ఆడది వండే హోటల్లో తినబోమని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు రావడం మానేశారు. వాళ్లలో ఒకరు నెలన్నర తరవాత మనిషిని పంపి సాంబారు గిన్నెతో తెప్పించుకున్నారు. మిగతావాళ్లు మళ్లీ రాలేదు. రుబ్బే మనిషి మాత్రం నాతో అంతకు ముందు కంటే ఎక్కువ మాట్లాడేది. కిరసనాయిలు వాసన తనకి ముందే తెలిసిందనీ, చెప్పనందుకు ఆ రోజంతా అన్నం తినలేకపోయాననీ నాతో అంది. ఆ తరవాత ఏ డబ్బా వచ్చినా ముందు తను మూత తీసి చూసేది.

అలా అయిదేళ్లు నడిచింది. షావుకారుగారికి పక్షవాతం వచ్చింది. కొడుకులకి హోటలు ఇష్టం లేదు. అది మూసేసి అక్కడ గుడ్డల కొట్టు పెట్టారు. మాకు కొత్తపేట రోడ్డులో ఒక చిన్న ఇల్లు దొరికింది. రోజూ పాతికమందికి ఇంట్లోనే భోజనం పెట్టేవాళ్లం, ఎక్కువగా ఆఫీసుల్లో పనిచేసే బయటి ఊళ్లవాళ్లు. అంతమందికైతే నేనొక్కదాన్నే చెయ్యగలను. ఆయన కూరలు తరిగేవారు, వడ్డించేవారు.

ఆ ఏడాదే కాలువ అవతలి గట్టు మీద ఇంకో కొత్త హోటలు వచ్చింది. మా దగ్గర భోజనం చేసే గుమాస్తాలు దాని గురించే మాట్లాడుకునేవారు. గాజు బీరువాలో మిఠాయిలు పెట్టారట, రేడియో కూడా ఉందట. ఒక మధ్యాహ్నం వడ్డనలు అయ్యాక నేను చీర మార్చుకుని ఒక్కదాన్నే వెళ్లాను. గుమ్మంలో ఉన్నాయన లోపల ఆడవాళ్లెవరూ లేరండి అన్నాడు. ఫరవాలేదన్నాను. ముందు వరసలో బల్ల దగ్గర కూర్చుని ఇడ్లీ సాంబారు తెప్పించాను, తరవాత కాఫీ. చూసినవాళ్లు చూశారు.

ఇంటికి వచ్చేసరికి ఆయన అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నారు.

"ఎలా ఉంది?"

"బెల్లం ఎక్కువేశారండి."

"పప్పో?"

"పప్పు బాగా ఉడికింది. ధనియాలు పాతవి. కాఫీ మాత్రం మనదానికంటే బావుంది."

ఆయన ఒక గింజ తీసి పక్కన పడేశారు. "పాలు ఎక్కడ పోయించుకుంటున్నారో కనుక్కోవాలి" అన్నారు.